చెట్టును బెదిరించిన కేసు

ఆ రోజుల్లో నాకు బుద్ధి తక్కువగానూ ధైర్యం ఎక్కువగానూ ఉండేవి. ఇప్పుడు బుద్ధి కాస్త పెరిగిందనుకుంటాను, ధైర్యమే మోకాళ్ళ నొప్పులతో పాటు మంచమెక్కింది. అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. మా ఆయన పోయి మూడేళ్ళయింది. మగపిల్లలిద్దర్నీ మా అమ్మ దగ్గర వదిలి, సంతకం చెయ్యాల్సిన చోటల్లా వేలిముద్ర వేసి, విమానమెక్కి బహ్రెయిన్‌లో ఒక ముసలావిడ ఇంట్లో పనికి చేరాను. (నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నాకు రాయడం వచ్చింది నా పేరొక్కటే, అదీ ఈ మధ్యనే. నా గొంతు ఎప్పుడూ బొంగురే. నేను మామూలుగా మాట్లాడినా పక్కవీధి వాళ్ళు ఎవరితో పోట్లాట అని అడుగుతారు. ఈ గొంతు సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అదే నా కొంప ముంచబోతోంది.)

ఆ ఇల్లు జిదాఫ్స్ బజారుకి నడిచిపోయేంత దూరంలో ఉండేది. ముందు వైపంతా సిమెంటు, వెనకాల తోట. తోటంటే పెద్దదేం కాదు, ఎనిమిది ఖర్జూర చెట్లు, రెండు నిమ్మచెట్లు, ఒక దానిమ్మ, నాలుగు కోళ్ళు. కానీ నేను కొబ్బరిచెట్ల కింద పుట్టి పెరిగినదాన్ని. విమానం దిగిన దగ్గర్నుంచీ ఎటు చూసినా ఇసకరంగే కనిపించి గుండె ఎండిపోయి ఉంది. ఆ ఇంటి వెనక తలుపు తీసి, నిలువెత్తు ఎనిమిది చెట్లు తలలూపుతూ కనబడగానే చేతిలో సామాను అక్కడే పడేసి "అమ్మయ్య" అన్నాను. ఇంటావిడకి ఏం అర్థమయిందో ఏమో, ఆవిడా "అమ్మయ్య" అంది. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ కుదిరిపోయింది. అక్కడ పనివాళ్ళందరూ ఇంటావిడని మామా అంటారు, అంటే అమ్మ అని, నేను పెద్దమామా అనేదాన్ని. ఆవిడా నాలాగే మొగుడు పోయిన మనిషి. ఆవిడకి డెబ్బై దాటాయి, నాకింకా ముప్ఫై రాలేదు, అంతే తేడా. పిల్లలు ఎవరిళ్ళల్లో వాళ్ళు ఉండేవారు. ఇంట్లో ఆవిడా నేనూ. ఆవిడది అరబ్బీ, నాది తెలుగు, మధ్యలో ఇద్దరికీ తలా ముక్కా వచ్చిన హిందీ. పోట్లాడుకోవడానికి ఆ భాష చాలదు, అందుకే ఎంతో బాగా కలిసి ఉన్నాం.

చెట్లకి పొద్దునా సాయంత్రం నీళ్ళు నేనే పెట్టేదాన్ని. ఎండలు ముదిరేసరికి ఏడు చెట్లకి గెలలు వేలాడుతూ దిగాయి. ఆకుపచ్చగా ఉన్న కాయలు పసుపు తిరుగుతుంటే పెళ్ళికూతుళ్ళని చూసినట్టుండేది. ఎనిమిదో చెట్టు మాత్రం గోడ మూలగా ఒక్కటీ వేరుగా నిలబడి, అన్నిటికంటే లావుగా, అన్నిటికంటే పొగరుగా, ఒక్క కాయ లేకుండా ఉంది. పెద్దమామా రోజూ పొద్దున్నే కర్ర పట్టుకుని తోటలోకొచ్చి, సరిగ్గా ఆ చెట్టు దగ్గరే ఆగేది. మొదలు మీద చెయ్యి వేసి, ఏదో అనుకుని, ఒక నిట్టూర్పు విడిచి వెళ్ళిపోయేది. ఏడింటిని వదిలేసి దాని దగ్గరే ఆగుతుందంటే ఎంత బాధో పాపం అనుకున్నాను. ఆవిడ నాకు కడుపునిండా తిండి పెట్టింది, తన పక్క గదిలోనే పడుకోమంది, నా పిల్లల ఫొటోలు తన అలమారా అద్దానికి అంటించుకుంది. అలాంటి మనిషికి నేనేం చెయ్యగలను? చేతిలో ఉన్న విద్య చెయ్యగలను.

మా వైపు కాయని చెట్టుకి ఒక వైద్యం ఉంది. దానికి ఇద్దరు మనుషులూ ఒక గొడ్డలీ కావాలి. ఒకరు గొడ్డలి పట్టుకుని చెట్టు మీదకి పోవాలి. "కాయవు, పూయవు, ఎందుకు నువ్వు, ఇవాళ నరికేస్తాను" అని మూడు దెబ్బలు వెయ్యాలి. రెండోవాళ్ళు పరిగెత్తుకొచ్చి అడ్డం పడాలి. "వద్దు వద్దు, ఈ ఏడాదికి వదిలెయ్యి, వచ్చే ఏడు కాస్తుంది, నేను పూచీ" అని బతిమాలాలి. అప్పుడు మొదటివాళ్ళు "సరే, నీ ముఖం చూసి వదిలేస్తున్నాను, వచ్చే ఏడు వచ్చి చూస్తాను" అని వెనక్కి తగ్గాలి. ఇదంతా నటన అని చెట్టుకి మాత్రం తెలియకూడదు. మా నాన్న మా పెరట్లో పనసచెట్టుకి ఇలాగే చేస్తే మరుసటి ఏడు మొదట్లోంచి కాసింది. (ఆ ఏడు వానలు బాగా పడి ఉంటాయని కోడలు అంటోంది. అది సైన్సు చదివింది.)

గొడ్డలి ఉంది, ఎండుమట్టలు కొట్టే చిన్నది, కోళ్ళగూడు వెనకాల. రెండో మనిషే లేడు. సరిగ్గా అప్పుడే వెనక గోడ కొంచెం కూలితే దాన్ని కట్టడానికి కూలీల క్యాంపు నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, నాకంటే ఒకటి రెండేళ్ళు చిన్నవాడు. నా తెలుగు వినగానే తాపీ కింద పడేశాడు. "ఏ ఊరక్కా మీది? నువ్ మాట్లాడుతుంటే రేడియో ఇన్నట్టున్నది," అన్నాడు. దేశం పేరు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా దుబాయి అనేవాడు. "ఇది బహ్రెయిన్ కదా తమ్ముడూ" అంటే "ఏదైతేందక్కా, సముద్రం దాటినంక అంత దుబాయే" అనేవాడు. అందుకని నేను అతనికి దుబాయి తమ్ముడని పేరు పెట్టాను.

విషయం చెప్పగానే అతను ఆశ్చర్యపోలేదు. "మా తాత గూడ చింతచెట్టుకు గిట్లనే జేసిండు," అన్నాడు. "గని అక్కా, ఈడ ఖర్జూరం చెట్టును కొడితె జుర్మానా ఏస్తరట. కోర్టు గూడ ఉంటదట. మా ఫోర్మన్ జెప్పిండు."

"కొట్టేస్తే కదా జుర్మానా! మనం కొట్టట్లేదు, బెదిరిస్తున్నాం. బెదిరిస్తే జుర్మానా ఏంటి?"

"గదీ నిజమే. మరి మీ మామాకు జెప్పినవా?"

"చెబితే ఎలా? చెట్టు పక్కనే చెప్పుకుంటామా? అది వినదూ?"

తమ్ముడు చెట్టు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మరి నేనేం జెయ్యాలె?"

"కాళ్ళు పట్టుకుని బతిమాలాలి."

"ఎవ్వరి కాళ్ళు, నీయా?"

"నావెందుకు? చెట్టు మొదలు పట్టుకో, మొహం నా వైపు పెట్టు."

"ఏడ్వాలెనా?"

"వస్తే ఏడు."

శుక్రవారం పొద్దున పెద్దమామాని కూతురొచ్చి తీసుకెళ్ళింది. నేను మాక్సీ మీద చున్నీ నడుముకి బిగించి గొడ్డలి తీశాను. మొదట్లో నవ్వొచ్చింది గానీ, నవ్వితే చెట్టుకి తెలిసిపోతుందని పళ్ళు బిగబట్టాను. ఆ తర్వాత నా గొంతు దానంతట అదే లేచింది. "ఏం చూసుకుని నీకింత పొగరు? పొద్దునా సాయంత్రం నీళ్ళు పోశాను! ఏం తక్కువ చేశాను నీకు? నలుగురిలో తలెత్తుకోనిచ్చావా నన్ను?" ఒక దెబ్బ. "నీ మానాన నువ్వు పైకి చూస్తూ నిలబడితే అయిపోయిందా? కింద మేమెలా ఉన్నామో చూడక్కర్లేదా?" రెండో దెబ్బ. "ఇంత పనీ నా ఒక్కదాని నెత్తిన పడేసి పోతే ఎవడు చేస్తాడనుకున్నావు?" మూడో దెబ్బ. నిజం చెప్పాలంటే ఆ మూడోది కొంచెం లోతుగా పడింది. అప్పటికి నాకు ఎదురుగా ఉన్నది చెట్టన్న సంగతి గుర్తులేదు.

అప్పుడు దుబాయి తమ్ముడు గోడ మీద నుంచి దూకి వచ్చి చెట్టుని వాటేసుకున్నాడు. "వద్దక్కా! నీ కాల్మొక్త! గీ యేడు ఇడిసిపెట్టు! వచ్చే యేడు కాస్తది, నాది పూచి! కాయకుంటె నేనే నరుకుత!" (చివరి మాట నేను నేర్పింది కాదు, అతని సొంతం.) కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎంత నటన రా నాయనా అని నాకే ముచ్చటేసింది. తర్వాత చూస్తే చెట్టు నిండా ఎర్రచీమలు. నేను "సరే, నీ ముఖం చూసి వదిలేస్తున్నాను" అనేదాకా పాపం వాటేసుకునే ఉన్నాడు.

ఇద్దరం గోడనీడలో కూర్చుని టీ తాగాం. అతను చేతులు గోక్కుంటూ, "అక్కా, నువ్ తిట్టింది చెట్టునేనా?" అన్నాడు.

"మరెవర్ని?"

"ఏమో. నాకైతే బావ యాదికొచ్చిండు. నేను సూడనే లేదు ఆయనను."

"నోరు మూసుకుని టీ తాగు," అన్నాను. అతను నోరు మూసుకునే ఎలా తాగాలని అడిగాడు. ఇద్దరం నవ్వాం. నాకైతే చాలా నెలల తర్వాత గుండె తేలికైంది. చెట్టుకి ఏమైనా కానీ వైద్యం నాకు పనిచేసినట్టుంది.

ఇప్పుడు అసలు సంగతి. మా గోడవతల ఇంట్లో ఒకాయన ఉండేవాడు, మేడ మీద పావురాలు పెంచేవాడు, పావురాలాయన అనేదాన్ని. ఆ శుక్రవారం పొద్దున ఆయన గింజలు చల్లుతూ మేడ మీదే ఉన్నాడు. ఆయనకి తెలుగు రాదు. కనబడింది కనబడ్డట్టు చూశాడు. ఒక ఆడమనిషి గొంతు చించుకుంటూ గొడ్డలితో చెట్టు మీద పడుతోంది, ఒక కూలీమనిషి ఏడుస్తూ చెట్టుని కౌగిలించుకుని కాపాడుతున్నాడు. ఆయన మాతో ఒక్కమాట అనలేదు. మర్నాడు తిన్నగా చెట్ల ఆఫీసుకి పోయి ఫిర్యాదు రాసిచ్చాడు.

మూడో రోజు తెల్లకారు వచ్చి ఆగింది. అందులోంచి సన్నగా పొడుగ్గా ఒక ఆఫీసరు దిగాడు. చంకలో కాగితాల అట్ట, జేబులో కొలిచే టేపు. తోటలోకెళ్ళి నా మూడు గాట్లనీ టేపుతో కొలిచి రాసుకున్నాడు. పెద్దమామాతో ఏదో చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆవిడ మొహంలో రంగు తగ్గుతూ వచ్చింది, కర్ర రెండు చేతులతో పట్టుకుంది. నాకు హిందీలో చెప్పాడు. అనుమతి లేకుండా ఖర్జూర చెట్టుని నరికినా, పాడుచేసినా ఈ దేశంలో నేరం. ఇంటి యజమానికి జుర్మానా. కొట్టిన మనిషి మీద కేసు. కోర్టయ్యాక పరాయి దేశం వాళ్ళయితే విమానం ఎక్కించి ఖలాస్.

నన్ను పంపేస్తే నా పిల్లలు బడి మానేసి ఎవరి చేలోకో పనికిపోతారు, అది ఒక భయం. అంతకంటే పెద్ద భయం ఇంకోటి. ఈ డెబ్బై ఏళ్ళ మనిషి నా మూలంగా కర్ర పట్టుకుని కోర్టు మెట్లెక్కాలా? నాకు మంచి చేసిన మనిషికి మంచి చెయ్యబోయి నేను చేసింది ఇదా?

ఆఫీసరు ఫిర్యాదు చదువుతూ దుబాయి తమ్ముణ్ణి పిలిపించాడు. తమ్ముడు సిమెంటు చేతులతోనే వచ్చాడు. ఆఫీసరు లేచి ఆ సిమెంటు చేతినే పట్టుకుని ఊపాడు. "షాబాష్ భాయ్! ఒంటరిగా, ఆయుధం లేకుండా, గొడ్డలికి ఎదురెళ్ళి చెట్టుని కాపాడావట. నీలాంటివాళ్ళే కావాలి." పెద్దమామా అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. ఖర్జూరపళ్ళ పళ్ళెం, కాఫీ గిన్నె అతని ముందు పెట్టింది. నేను గుమ్మం పక్కన నేల మీద. నాకు మంచినీళ్ళు కూడా లేవు.

తమ్ముడు పండు నోట్లో పెట్టుకుని మెల్లగా తెలుగులో, "అక్కా, నన్ను మంచోడంటున్నరు. ఇప్పుడేం జెయ్యాలె?" అన్నాడు.

"నిజం చెప్పు!"

"నిజం జెప్తె నన్ను గూడ పంపిస్తరు గద?"

"అయితే నేనొక్కదాన్నీ పోనా? గోడ మీద నుంచి దూకింది ఎవరు? నాది పూచీ అన్నది ఎవరు?"

"గొంతు తగ్గియ్యి అక్కా, మళ్ళ గొడ్డలి వట్టినవనుకుంటరు." అతను పళ్ళెం వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఇంకో పండు తీయబోయి ఆగాడు. పళ్ళెం పక్కకి జరిపి కుర్చీలోంచి లేచి, వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. "సాబ్," అన్నాడు హిందీలో, "నేను కాపాడలే. కాపాడుడు నా వంతు. కొట్టుడు అక్క వంతు. ఇద్దరం కలిసే జేసినం." ఇంత వయసొచ్చింది, ఎంతోమందిని చూశాను. పళ్ళెం జరిపి నేల మీదకి వచ్చి కూర్చున్న మనిషిని మాత్రం అతన్నే చూశాను.

ఆఫీసరుకి అర్థం కాలేదు. నన్ను అడిగాడు, తమ్ముడు మధ్యలో హిందీ చేస్తూ వచ్చాడు.

"చెట్టుని ఎందుకు నరికావు?"

"నరకలేదండీ. బెదిరించాను."

"ఎవర్ని?"

"చెట్టునేనండీ."

"చెట్టు ఏం చేసింది?"

"ఏమీ చెయ్యలేదండీ, అదే కదా బాధ! కాయలేదు."

ఆఫీసరు కలం మూసి, మళ్ళీ తెరిచి, "ఇతను ఏడుస్తూ అడ్డుపడ్డాడని రాసి ఉంది," అన్నాడు.

"అది చీమలు సాబ్," అన్నాడు తమ్ముడు.

ఆయన మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. పెద్దమామాకేసి చూశాడు. గోడవతల నుంచి పావురాలాయన్ని పిలిపించాడు. ఆయన వచ్చి, చేతులు కట్టుకుని, నా వంక చూడకుండా నిలబడ్డాడు. "సరే," అన్నాడు ఆఫీసరు. "ఆ రోజు చేసింది చేసినట్టు మళ్ళీ చేసి చూపించండి. గొడ్డలి వద్దు."

గొడ్డలికి బదులు పెద్దమామా తన చేతికర్ర ఇచ్చింది. ఒట్టు, ఆవిడే ఇచ్చింది. అందరం చెట్టు దగ్గరికి వెళ్ళాం. ఆ ఎండలో, ఆఫీసరు ముందు, ఫిర్యాదు చేసిన మనిషి ముందు, చున్నీ బిగించి నేను కర్రెత్తాను. ఎత్తిన కర్ర గాల్లోనే ఉంది. "అక్కా, జల్ది తిట్టు, చీమలొస్తున్నయ్," అన్నాడు తమ్ముడు చెట్టుని వాటేసుకుని. దాంతో గొంతు లేచింది. తిట్టాను. పొగరన్నాను, పైచూపన్నాను, నన్ను నడిరోడ్డులో వదిలావన్నాను. తమ్ముడు "గీ యేడు ఇడిసిపెట్టక్కా" అని మొదలుపెట్టి, భయంతో ఉన్నాడేమో, నిజంగానే ఏడ్చేశాడు. "నీ ముఖం చూసి వదిలేస్తున్నాను, వచ్చే ఏడు వచ్చి చూస్తాను!" అని నేను కర్ర దించి వెనక్కి తిరిగేసరికి పెద్దమామా కోళ్ళగూటి మీద కూలబడి ఉంది. కళ్ళు తిరిగాయేమోనని పరిగెత్తాను. ఆవిడ నవ్వుతోంది. చెయ్యి ఊపుతూ, పైట లాంటి ఆ నల్లబట్టతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. పావురాలాయన మొహం గోడవైపు తిప్పేశాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఆఫీసరు ఒక్కడే నవ్వలేదు. "అమ్మా," అన్నాడు ఎంతో మర్యాదగా, "ఇది మగ చెట్టు."

తమ్ముడు హిందీలోంచి తెలుగులోకి మార్చడం మర్చిపోయాడు. అవసరమూ లేదు, నాకు అర్థమైంది. ఆయన ఇంకా చెప్పాడు. ఖర్జూరంలో ఆడ చెట్లు వేరు, మగ చెట్లు వేరు. చలి తగ్గేటప్పుడు మగ చెట్టు పూత కోసి ఆడ చెట్ల పూతలో కడితేనే కాయ. నేను ఆ ఇంటికొచ్చేసరికి ఆ పని అయిపోయింది, అందుకే చూడలేదు. ఈ చెట్టు పూత ఈ ఇంటి ఏడింటికే కాదు, పావురాలాయన చెట్లకీ, ఆ సందులో ఇంకా ఎన్నో ఇళ్ళ చెట్లకీ పోతుందట. పెద్దమామా మొగుడు తన చేత్తో పెట్టిన చెట్టట అది. ఆవిడ పొద్దున్నే దాని మీద చెయ్యి వేసి నిట్టూర్చేది కాయలేదని కాదు.

నేను రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాను. సందులో ఉన్న చెట్లన్నిటికీ మొగుడు వాడు! వాణ్ణి పట్టుకుని కాయవేంట్రా అని గొడ్డలితో మీద పడ్డాను! మా ఊళ్ళో పోతుతాడి కాయదని నడక రాని పిల్లకి కూడా తెలుసు. దాన్ని ఎవరూ ఏనాడూ బెదిరించలేదు. సముద్రం దాటేసరికి ఆ జ్ఞానమంతా ఎక్కడ పోయిందో. తమ్ముడు నా చెవిలో, "మా ఊర్ల పోతు ఈతలు ఎన్నున్నయో అక్కా. నాకు గూడ తట్టలే," అన్నాడు సిగ్గుపడుతూ. పెద్దమామా నవ్వు ఆపుకుని నన్ను దగ్గరికి పిలిచి, నా గడ్డం పట్టుకుని అంది: "ఈ ఇంట్లో మగదిక్కు అదొక్కటే. దాని మీదకా వెళ్ళావు?"

అయినా ఆఫీసరు కాగితాల అట్ట మూయలేదు. నవ్వు వేరు, చట్టం వేరన్నాడు. మూడు గాట్లు ఉన్నాయి, ఒకటి లోతుగా ఉంది, ఫిర్యాదు ఉంది, తను రాసి తీరాలి. రాస్తే పైకి పోతుంది. పెద్దమామా నవ్వు ఆగిపోయింది. కాగితంలో గళ్ళున్నాయట. నరికారా, పీకారా, కాల్చారా, మందు పోసి ఎండబెట్టారా. ఆయన కలం ఒక్కో గడి మీదా ఆగుతూ పోతోంది. నేను ఆ కలాన్నే చూస్తూ నిలబడ్డాను. బెదిరించారా అన్న గడి ఎక్కడా లేదు. అప్పుడు దుబాయి తమ్ముడు ఎవరూ చెప్పకుండానే ముందుకు పడి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. "సాబ్, ఈ ఒక్కసారి విడిచిపెట్టండి. తెలవక చేసింది. వచ్చే ఏడు చూడండి, చెట్టుకు ఏమైనా అయితే నాది పూచీ," అన్నాడు హిందీలో.

ఆఫీసరు కిందకి చూసి, "ఇది కూడా నటనేనా?" అన్నాడు.

"కాదు సాబ్, నిజం. ఇక్కడ చీమల్లేవు సాబ్."

అప్పుడు నవ్వాడాయన. పావురాలాయన దగ్గరికొచ్చి ఆఫీసరు చెవిలో ఏదో అన్నాడు. తన ఫిర్యాదు కాగితం వెనక్కి తీసుకున్నాడు. ఆఫీసరు గళ్ళన్నీ ఖాళీగా వదిలేసి, అడుగున నాలుగు వరసలు రాసి, నాకు చదివి వినిపించాడు. తెలియక చెట్టుకి గాయం చేశాను. గాయానికి మట్టి మెత్తి చెట్టుని నేనే చూసుకోవాలి. ఈ దేశంలో ఏ చెట్టు మీదా మళ్ళీ గొడ్డలెత్తను. ఎత్తితే జుర్మానా, కేసు రెండూ. కింద నీలంసిరాతో నా వేలిముద్ర. "ఈసారికి వదిలేస్తున్నాను," అన్నాడు అట్ట మూస్తూ. "వచ్చే ఏడు వచ్చి చూస్తాను."

తమ్ముడూ నేనూ ఒకర్నొకరం చూసుకున్నాం. ఆ మాట ఎక్కడిదో ఇద్దరికీ తెలుసు. మూడు దెబ్బలూ నాకే పడ్డట్టూ, బతిమాలింది నా కోసమే అయినట్టూ అనిపించింది.

ఆయన వచ్చే ఏడు నిజంగానే వచ్చాడు. అప్పటికి పూతకాలం. పెద్దమామా నాకు పని నేర్పింది. మగ చెట్టు పొత్తి చీలిస్తే లోపల తెల్లటి పూలరెబ్బలు, ముట్టుకుంటే పిండి రాలుతుంది. నేను నిచ్చెనెక్కి ఆ రెబ్బలు ఒక్కో ఆడ చెట్టు పూతలో కట్టాను. మొహమంతా పిండి, తుమ్ములే తుమ్ములు. కింద నుంచి పెద్దమామా "అమ్మయ్య, అమ్మయ్య" అని ఉత్సాహపరిచింది. ఆఫీసరు గాట్లు చూసి, మానిపోయాయని రాసుకుని, కాఫీ తాగి వెళ్ళాడు. తమ్ముడు అప్పటికి సఖీర్ వైపు ఏదో పెద్ద కట్టడానికి వెళ్ళిపోయాడు. సెలవు రోజున వచ్చి తన పూచీ తీరిందా లేదా అని చెట్టుని ఒకసారి చూసి, ఈసారి కుర్చీలో కూర్చుని పళ్ళెం ఖాళీ చేసి వెళ్ళాడు.

ఆ ఎండాకాలం సందు సందంతా ఎప్పుడూ లేనంత కాపు. చెట్లు గెలలు మొయ్యలేకపోతే కర్రలు ఊతం పెట్టారు. ఒకరోజు పావురాలాయన పళ్ళబుట్టతో మా గేటు దగ్గరికొచ్చి, చాలాసేపు కాళ్ళు మార్చి మార్చి నిలబడ్డాడు. చివరికి పెద్దమామాతో అన్నాడట, తన తోటలో ఒక ఆడ చెట్టు కాపు సరిగ్గా లేదు, మీ అమ్మాయి ఒకసారి వచ్చి తిట్టిపోతుందా అని. నేను వేలిముద్ర వేశాను కదా, గొడ్డలి ముట్టనన్నాను. గొడ్డలి వద్దు, గొంతు చాలన్నాడాయన. వెళ్ళి తిట్టి వచ్చాను. బతిమాలింది ఆయనే, అరబ్బీలో. చాలా బాగా చేశాడు.

అక్కడ తొమ్మిదేళ్ళు ఉన్నాను. పెద్దమామా పోయాకే వచ్చేశాను. మొన్న పక్కింటావిడ వచ్చి, తన పెరట్లో మామిడి మూడేళ్ళుగా పూసి రాలిపోతోందనీ, నాకు ఈ వైద్యం వచ్చని విన్నాననీ, గొడ్డలి తెస్తాననీ అంది. "ఆగు, ముందు అది ఆడదో మగదో కనుక్కున్నావా?" అన్నాను. మా కోడలు కలం పడేసి నవ్వింది. మామిడికి అలాంటివుండవు అత్తయ్యా అంది. నవ్వితే నవ్వనీ, కనుక్కోకుండా నేను గొడ్డలి ముట్టను. పొద్దున్నే వెళ్ళి ఆ మామిడి మొదలు మీద చెయ్యి మాత్రం వేసి వస్తున్నాను. వేసినప్పుడల్లా ఆ గోడ మూలా, చున్నీ బిగించుకుని గొడ్డలెత్తి నిలబడ్డ ఆ ఇరవై తొమ్మిదేళ్ళ పిల్లా కళ్ళముందుకొస్తారు. పరాయి దేశంలో, పరాయి చెట్ల మొగుణ్ణి పట్టుకుని, తన మొగుణ్ణి తిట్టాల్సినవన్నీ తిట్టేస్తోంది. పక్కన నిలబడి చెవిలో చెప్పాలనిపిస్తుంది, "వాడి తప్పేం లేదే పిచ్చిదానా" అని. మళ్ళీ అనుకుంటాను, చెప్పకపోవడమే మంచిది, తిట్టనీ. అది తిట్టబట్టే కదా, ఆ రోజు టీ అంత రుచిగా ఉంది.